బొమ్మరింటి సామాను: గుట్టు బయటపడేది మందం దగ్గరే

బొమ్మరింటికి సామాను చేయడం మొదలుపెట్టినవారు పొడవు, వెడల్పు, ఎత్తు కొలతలను ఎంతో శ్రద్ధగా తగ్గించుకుంటారు. అసలు కుర్చీని కొలిచి, పన్నెండుతో భాగించి, కాగితం మీద గీసుకుని, ఆ గీతల వెంబడే చెక్క కోస్తారు. అంతా అయ్యాక దాన్ని గదిలో పెట్టి చూస్తే, లెక్క ఎక్కడా తప్పకపోయినా అది కుర్చీలా ఉండదు, కుర్చీ బొమ్మలా ఉంటుంది. కారణం చాలాసార్లు ఒక్కటే: మిగతా కొలతలన్నీ తగ్గాయి గాని మందం తగ్గలేదు. మందాన్ని మనం కొలిచి నిర్ణయించుకోము. దొరికిన చెక్క ఎంత మందం ఉంటే పలక అంత మందం, పెట్టెలో ఉన్న బట్ట ఎంత దళసరిగా ఉంటే పరదా అంత దళసరి. చూసేవారు కొలబద్ద పట్టుకుని రారు. అయినా అంచు మీద కన్ను పడగానే ఏదో తేడాగా ఉందని గ్రహిస్తారు. ఈ పనిలో నేను నేర్చుకున్న వాటిలో ఎక్కువ భాగం ఆ తేడాను ఎలా దాచాలన్నదే.

బొమ్మరిళ్లలో ఎక్కువగా నడిచే నిష్పత్తి 1:12. అడుగులో పన్నెండు అంగుళాలుంటాయి కాబట్టి అసలు వస్తువులో ఒక అడుగు ఇక్కడ ఒక అంగుళం అవుతుంది. లెక్క నోటితోనే తేలిపోతుంది. దానికంటే చిన్నవి కావాలనుకునేవారు 1:24, ఇంకా పట్టుదల ఉన్నవారు 1:48 ఎంచుకుంటారు. 1:12లో 75 సెంటీమీటర్ల ఎత్తున్న టేబుల్ 62.5 మిల్లీమీటర్లకు వస్తుంది. 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే కుర్చీ పీట 37.5 మిల్లీమీటర్లకు దిగుతుంది. అలమరా చేయడానికి వాడే 18 మిల్లీమీటర్ల పలక ఒకటిన్నర మిల్లీమీటరు అవుతుంది. ఇక్కడివరకు ఇబ్బంది లేదు. 4 మిల్లీమీటర్ల కిటికీ అద్దం మిల్లీమీటరులో మూడో వంతుకు, 3 మిల్లీమీటర్ల పింగాణీ కప్పు గోడ పావు మిల్లీమీటరుకు చేరిన దగ్గర అసలు పని మొదలవుతుంది.

అందుకే నేను పనిబల్ల మీద రంపం కంటే ముందు వెర్నియర్ కాలిపర్ (సన్నని మందాలను కొలిచే పరికరం) పెట్టుకుంటాను. ఏ సరుకు చేతికి వచ్చినా దాని మందం కొలిచి పన్నెండుతో గుణించి చూస్తాను. ఐస్‌క్రీమ్ పుల్ల సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే అసలు ఇంట్లో 24 మిల్లీమీటర్ల పలక. మంచం చట్రానికి, బల్ల పైభాగానికి అది చక్కగా సరిపోతుంది, సొరుగు అడుగుకు పనికిరాదు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 36 మిల్లీమీటర్లకు లెక్క వస్తుంది కాబట్టి గోడలకు, నేలకు తప్ప సామానుకు దాన్ని ముట్టుకోను. మనం రోజూ రాసుకునే మామూలు కాగితం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, ఇక్కడ అది 1.2 మిల్లీమీటర్ల అట్ట. ఇలా గుణించి చూసే అలవాటు పడ్డాక ఇంట్లో పనికిరాని వస్తువులన్నీ వేరే కంటికి కనిపిస్తాయి. గుండుసూది తల సొరుగుకు పిడి, పళ్లపుల్ల కుర్చీ వీపుకు ఊచ, చిన్న గాజుపూస దీపపు కింది దిమ్మె అవుతాయి. అలాంటి పోలికలు వెతకడం సరదాగానే ఉంటుంది గాని, కనిపించిన ప్రతి సీసా మూతనూ దాచుకునే రోగం కూడా దానితోపాటే అంటుకుంటుందని ముందే చెప్పాలి.

మందం తగ్గించడంలో అన్నిటికంటే ఉపయోగపడే కిటుకు ఒకటుంది. కన్ను మందాన్ని అంచు దగ్గర మాత్రమే చూడగలదు. పలక మధ్యలో ఎంత మందముందో పైనుంచి చూసేవారికి తెలిసే దారి లేదు. కాబట్టి వస్తువంతటినీ పలచన చేయనక్కరలేదు, అంచును పలచన చేస్తే చాలు. 3 మిల్లీమీటర్ల చెక్కతో టేబుల్ పైభాగం చేయవలసి వస్తే, దాన్ని బోర్లించి, నాలుగు పక్కలా అడుగు భాగాన్ని ఏటవాలుగా ఉప్పుకాగితంతో అరగదీసి, అంచు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే మిగిలేలా చేస్తాను. నిలబెట్టాక ఎవరు చూసినా అది సన్నని బల్లే. నిజానికి పెద్ద సామాను చేసే వడ్రంగులూ బరువైన బల్లను తేలికగా కనిపించేలా చేయడానికి ఇదే పద్ధతి వాడతారు; మనకు అది అందం కోసం కాదు, గుట్టు దాచుకోవడానికి. అలమరా అరల ముందు అంచులు, మంచం తలవైపు పలక, ఫొటో చట్రాలు, ట్రే, పళ్లెం అన్నింటికీ ఇదే వర్తిస్తుంది.

చెక్క విషయంలో మందంతోపాటు నార కూడా చూసుకోవాలి. ఓక్ లాంటి చెక్కల్లో కంటికి కనిపించే రంధ్రాలుంటాయి. అసలు బీరువాలో అవి అందమే గాని, పన్నెండో వంతు బీరువాలో ఆ రంధ్రం పెన్సిలు మొన దూరేంత బొరియలా కనబడుతుంది. ఓక్ సామాను చేయాలంటే ఓక్ చెక్క వాడకూడదన్నది మొదట వింతగా తోస్తుంది గాని, సన్నని నార ఉన్న చెక్కకు ఓక్ రంగు వేస్తేనే అది ఓక్‌లా కనిపిస్తుంది. పియర్, చెర్రీ, బాక్స్‌వుడ్ చెక్కలను ఈ పనివారు ఇష్టపడేది నార సన్నగా, దగ్గరగా ఉంటుందనే. బాస్‌వుడ్ చవక, కోయడం తేలిక, ఏ రంగైనా వేసుకోవచ్చు కాబట్టి మొదలుపెట్టేవారికి నేను దాన్నే సూచిస్తాను. బాల్సా ఇంకా మెత్తగా ఉంటుంది గాని గోరు తగిలినా నొక్కుకుపోతుంది. దాన్ని పరుపుల లోపలి దిమ్మెలకు, కనబడని ఆధారాలకు ఉంచుకోవడమే మంచిది.

కుర్చీ కాలు లాంటి సన్నని భాగాల్లో నార పొడవునా ఉండేలా కోయడం తప్పనిసరి. 3 మిల్లీమీటర్ల కాలులో నార అడ్డంగా ఉంటే అది బిగించేటప్పుడే విరుగుతుంది. వంపు తిరిగిన కాళ్లకు నార వంపు దగ్గర తెగిపోతుంది కాబట్టి, సన్నని బద్దలు రెండు మూడు జిగురు పూసి ఒకదానిమీద ఒకటి పెట్టి, అచ్చు చుట్టూ వంచి ఆరనిస్తే బలంగా నిలుస్తాయి. అతుకులకు తెల్ల జిగురు చాలు, అదీ పళ్లపుల్ల మొనతో రాసుకునేంత. అర మిల్లీమీటరు జిగురు బొట్టు బయటికి పొంగిందంటే అసలు కుర్చీ మీద 6 మిల్లీమీటర్ల ముద్ద ఉన్నట్టు లెక్క. ఈ కారణంగానే గ్లూ గన్ బొమ్మరింటి పనికి బొత్తిగా తగదని నా గట్టి అభిప్రాయం. గోడ వెనక వైర్లు పట్టి ఉంచడానికి తప్ప దాన్ని బయటికి తీయను. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. జిగురు అంటిన చోట చెక్క రంగు పీల్చుకోదు, అక్కడ తెల్లని మచ్చ మిగిలిపోతుంది. అందువల్ల ముక్కలన్నిటికీ ముందే రంగు వేసి, ఆరాక అతికించాలి.

రంగుకూ మందం ఉంటుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. మూడు నాలుగు పూతలు పడేసరికి చెక్కిన గాళ్లు పూడిపోతాయి, కోణాలు గుండ్రబడతాయి, సొరుగు, తలుపు మూసుకోవు. పూత నీళ్లలా పలచగా ఉండాలి, ప్రతి పూత తరువాత 400 నంబరు ఉప్పుకాగితంతో, చివర 600 నంబరుతో మెల్లగా తుడవాలి. మెరుపు విషయంలో నేను పిసినారిని. పూర్తి మెరుపున్న వార్నిష్ పూస్తే గదిలోని దీపం దాని మీద పెద్ద తెల్లటి మచ్చగా పడి వస్తువు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. పలచని లక్క పాలిష్ పూసి, ఆరాక తేనెమైనంతో గుడ్డపెట్టి రుద్దితే, ఎన్నాళ్లుగానో వాడుతున్న సామాను మీద కనిపించే మెత్తని నిగారింపు వస్తుంది.

పింగాణీ పని దగ్గర మందం పూర్తిగా ఎదురు తిరుగుతుంది. 8 సెంటీమీటర్ల వెడల్పున్న కప్పు మనకు 6.7 మిల్లీమీటర్లు రావాలి. పాలిమర్ క్లేతో (వేడి చేస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టితో) చేసిన కప్పు గోడ మిల్లీమీటరు ఉందనుకుంటే, అసలు లెక్కలో అది 12 మిల్లీమీటర్లు. అలాంటిది కప్పు కాదు, రోలు. నేను చేసే పద్ధతి ఇలా ఉంటుంది. చివర గుండ్రంగా ఉండే లోహపు పుల్లకు కాస్త పౌడరు అద్ది, 4 మిల్లీమీటర్ల మట్టి ఉండను దాని మీద గుచ్చి, వేలి కొసలతో తిప్పుతూ కిందికి జార్చుతాను. గోడ ఇంకా దళసరిగా ఉన్నప్పుడే ఆపి, పుల్లతో సహా ఓవెన్‌లో పెడతాను. చాలా రకాల పాలిమర్ క్లే 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య గట్టిపడుతుంది, ఏ రకానికి ఎంత వేడి అన్నది పొట్లం మీదే ఉంటుంది. దాన్ని దాటనివ్వకూడదు, ఎందుకంటే ఈ మట్టికి మూలం పీవీసీ అనే ప్లాస్టిక్. మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు హానికరం. చల్లారి గట్టిపడ్డాక తడిపిన సన్నని ఉప్పుకాగితం మీద కప్పును బోర్లించి తిప్పి పైఅంచును సమం చేస్తాను. తరువాత లోపలి వైపు నుంచి అంచును ఏటవాలుగా అరగదీస్తాను. గోడ మధ్యలో మిల్లీమీటరుకు దగ్గరగానే ఉన్నా పెదవి దగ్గర కాగితంలా మిగులుతుంది. చూసేవారి కన్ను ఆ పెదవిని చూసి కప్పు మొత్తం అంతే పలచన అని నమ్మేస్తుంది. పిడిని విడిగా సన్నని రాగితీగతో చేసి, దాని మీద రంగు పూసి అతికిస్తే మట్టి పిడి కంటే సన్నగానూ గట్టిగానూ ఉంటుంది.

కప్పులో పానీయం పోయడం మరో తలనొప్పి. ద్రవానికి తలతన్యత, అంటే పైపొరను బిగువుగా పట్టి ఉంచే గుణం, ఉంటుంది, అది వస్తువు పరిమాణంతోపాటు తగ్గదు. పెద్ద కప్పులో నీటి మట్టం చదునుగా కనిపిస్తుంది గాని, 6 మిల్లీమీటర్ల కప్పులో పానీయంలా పోసిన రెసిన్ (ఆరి గట్టిపడే పారదర్శక ద్రవం) గోడల వెంట పైకి పాకి, మధ్యలో గుంటపడి గట్టిపడుతుంది. ముందు కప్పును ముప్పావు వంతు రంగుమట్టితో చదునుగా నింపి, పైన పలచని రెసిన్ పొర మాత్రమే వేస్తే గుంట అంతగా తెలియదు. 1921-1924 మధ్య వాస్తుశిల్పి ఎడ్విన్ ల్యూటియెన్స్ రూపకల్పనలో తయారై, ఇప్పుడు ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరింట్లో బుల్లి సీసాల్లో నిజమైన మద్యమే పోశారు, కుళాయిల్లో నీళ్లు కూడా వస్తాయి. ఆ ఇంటి నిష్పత్తి కూడా 1:12. సీసాకు మూత ఉంది కాబట్టి అక్కడ తలతన్యత గుట్టు దాగింది. తెరిచిన గ్లాసులో పోసి ఉంటే ఆ మహా వైభవమూ దొరికిపోయేది.

ఇక బట్ట. బొమ్మరింటి పని తెలిసినవారిని ఏది కష్టమని అడిగితే నూటికి తొంభైమంది పరదాలని, పడక అని చెబుతారు. దీనికి కారణం చేతి నైపుణ్యం కాదు, భౌతిక శాస్త్రం. 1638లో గెలీలియో ప్రచురించిన పుస్తకంలోనే ఈ సూత్రం ఉంది: వస్తువు పొడవు తగ్గినంతగానే దాని బరువు తగ్గదు, అంతకంటే ఎంతో వేగంగా తగ్గుతుంది. పొడవు పన్నెండో వంతుకు వస్తే ఉపరితలం 144వ వంతుకు, బరువు 1728వ వంతుకు పడిపోతాయి. 6 కిలోల కుర్చీ అదే చెక్కతో మూడున్నర గ్రాములకు చేరుతుంది, అందుకే బొమ్మరింటి కుర్చీ చెయ్యి తగలగానే పక్కకు జరుగుతుంది. పరదా కిందికి వేలాడడానికి కారణం దాని బరువు. వంగనివ్వనిది దాని బిరుసు. బరువు అంతగా పోయాక బిరుసుదే పైచేయి. అదే బట్టను చిన్నగా కోసి కడితే అది వేలాడదు, గొడుగులా విచ్చుకుని నిలబడుతుంది. నేతను కూడా పన్నెండో వంతు పలచన చేయగలిగామనుకున్నా సమస్య తీరదు; లెక్క వేసి చూస్తే అలాంటి బట్ట కూడా నిష్పత్తి ప్రకారం ఉండవలసిన దానికంటే రెట్టింపుకు పైగా బిరుసుగానే మిగులుతుంది. అంటే బట్టను తనంతట తాను వేలాడమని అడగడం వృథా, వేలాడుతున్నట్టు దాన్ని మనమే మలచాలి.

పరదాకు నేను ఏరుకునేది పలచని పట్టు, లేదా ఉతికి ఉతికి నలిగి మెత్తబడిన నూలు రుమాలు. కొత్త బట్టలో గంజి ఉంటుంది కాబట్టి ముందు బాగా నానబెట్టి ఉతకాలి. ముద్రించిన పువ్వులున్నవైతే పువ్వు పరిమాణం చూడాలి. ఒక సెంటీమీటరు పువ్వు అసలు పరదా మీద 12 సెంటీమీటర్లది. అంచు మడిచి కుట్టడం ఈ కొలతలో కుదరదు. మడత పడితే రెండు మూడు పొరలు అవుతాయి, మామూలు కుట్టుదారం 0.2 మిల్లీమీటర్లయినా పన్నెండుతో గుణిస్తే తాడు అవుతుంది. కోసేచోట ముందే పలచని తెల్ల జిగురు గీతగా రాసి, ఆరాక ఆ గీత మధ్యలో పదునైన బ్లేడుతో కోస్తే పోగు ఊడదు, మందమూ పెరగదు. తరువాత ఫోమ్ బోర్డు మీద పలచని ప్లాస్టిక్ పొర పరిచి, బట్టను దాని మీద ఉంచి, మడత తరువాత మడత గుండుసూదులతో గుచ్చుకుంటూ పోవాలి. మడతలు 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండాలి గాని, అన్నీ ఒకేలా ఉండకూడదు. పైన దగ్గరగా, కింద కొంచెం విడిగా, ఒకటి రెండు పక్కకు ఒరిగి ఉంటేనే బరువు వల్ల పడిన మడతలనిపిస్తాయి. ఒక వంతు తెల్ల జిగురుకు మూడు వంతుల నీళ్లు కలిపి కుంచెతో తడిపి, పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకుండా వదిలేయాలి. సూదులు తీసేశాక బట్ట తన ఆకారాన్ని తానే పట్టుకుని ఉంటుంది. దండానికి 2 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ చక్కగా సరిపోతుంది, అసలు లెక్కలో అది 24 మిల్లీమీటర్లు.

పడకకు దూది పనికిరాదు. దూది నింపిన బుల్లి దిండు ఉబ్బి బంతిలా కూర్చుంటుంది, తల పెట్టిన గుంట దానిమీద ఎప్పటికీ పడదు. దూదికి బదులు సన్నగా జల్లించిన పొడి ఇసుక నింపి చూడండి. పోయిన బరువు కొంత తిరిగి వస్తుంది, దిండు మధ్యలో వేలితో నొక్కితే నొక్కినట్టు ఉండిపోతుంది. దుప్పటికి రెండు పలచని బట్టల మధ్య వంటింటి అల్యూమినియం రేకు అతికిస్తే చేతితో ఎలా వంచితే అలా నిలబడుతుంది. మంచం మూల దగ్గర కిందికి జారినట్టు, ఒక పక్క తీసి పడేసినట్టు మలచుకోవచ్చు. సోఫాకు మఖమల్ వాడడం మాత్రం నాకు నచ్చదు. ఒక మిల్లీమీటరు నూగు అసలు సోఫా మీద పన్నెండు మిల్లీమీటర్ల గడ్డి. చేతి తొడుగులకు వాడే పలచని తోలు, దాన్ని వెనకవైపు మరికొంచెం గీకి పలచన చేసుకుంటే, మలుపుల దగ్గర చక్కగా అణిగి కూర్చుంటుంది.

తివాచీ విషయంలో లెక్క వింతగా ఉంటుంది. కుట్టుపని చేసేవారు అంగుళానికి 40 గళ్లున్న పట్టు జాలీ వాడతారు. ఒక్కో కుట్టు 0.635 మిల్లీమీటర్లు, అసలు లెక్కలో దాదాపు 7.6 మిల్లీమీటర్లు. మేలైన అసలు తివాచీలో ముడి అంతకంటే ఎంతో చిన్నది. అయినా మన కన్ను ఇక్కడ క్షమిస్తుంది, ఎందుకంటే తివాచీలో చూసేది ముడిని కాదు, అల్లికను. ఆరడుగులకు నాలుగడుగుల తివాచీని ఈ జాలీ మీద కుడితే 240కి 160, అంటే 38,400 కుట్లు. ఇంత ఓపిక లేనివారికి అంగుళానికి 18 గళ్ల జాలీ ఉంది, 7,776 కుట్లతో అయిపోతుంది గాని అంచు గీతలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. పూర్తయ్యాక అంచు మళ్లీ మనల్ని పట్టిస్తుంది: చుట్టూ మిగిలిన జాలీని వెనక్కి మడిస్తే తివాచీ నేలకంటే లేచి, అడుగు తగిలి పడిపోయేంత ఎత్తు కనిపిస్తుంది. మడత వద్దు, వెనక పలచగా జిగురు రాసి, ఆరాక చివరి కుట్టు పక్కనే కోసేయాలి.

పుస్తకాలకు పెద్దగా చెప్పుకోవలసింది లేదు. 10 మిల్లీమీటర్ల మందమున్న పుస్తకం 0.8 మిల్లీమీటర్లు అవుతుంది, అందులో మామూలు కాగితం ఎనిమిది ఆకులకంటే పట్టదు. అల్మారాలో వరసగా నిలబెట్టేవాటికి సన్నని చెక్క ముక్కకు రంగు కాగితం చుట్టి, పైఅంచు మీద బ్లేడుతో సన్నని గీతలు గీస్తే సరి. తెరిచి పెట్టే ఒకటి రెండింటికి మాత్రమే నిజమైన ఆకులు కుట్టండి. క్వీన్ మేరీ ఇంట్లోని గ్రంథాలయంలో ఆర్థర్ కానన్ డాయిల్ వంటి రచయితలు సొంత చేతిరాతతో ఇచ్చిన బుల్లి పుస్తకాలున్నాయి గాని, రాసేవారు అంత సుముఖంగా దొరకడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. కుండీ మొక్కల ఆకులకు మామూలు కాగితం దళసరి. బహుమతులు చుట్టే టిష్యూ కాగితానికి రెండు వైపులా రంగు వేసి, ఆకులా కోసి, మెత్తటి దిండు మీద పెట్టి గుండ్రటి సూది వెనక భాగంతో మధ్య ఈనె నొక్కితే అంచులు వాటంతట అవే పైకి లేస్తాయి.

దీపాల దగ్గర మందం సమస్య వైరు రూపంలో వస్తుంది. ప్లాస్టిక్ తొడుగున్న మిల్లీమీటరు వైరు అసలు గదిలో 12 మిల్లీమీటర్ల తాడు. టేబుల్ దీపం నుంచి బయటికి కనిపించేచోట 0.1 మిల్లీమీటర్ల ఎనామెల్ రాగితీగ (ప్లాస్టిక్ తొడుగుకు బదులు పలచని పూత ఉన్న తీగ) మాత్రమే వాడాలి. బల్బుగా పెట్టే 0603 అనే పరిమాణపు ఎల్‌ఈడీ 1.6కి 0.8 మిల్లీమీటర్లే కాబట్టి షేడ్ లోపల సులువుగా దాగుతుంది. 12 వోల్టుల సరఫరా ఉంటే, తెల్లటి ఎల్‌ఈడీ మీద సుమారు 3 వోల్టులు పోగా మిగిలిన 9 వోల్టులకు, 5 మిల్లీఆంపియర్ల కరెంటుకు 1,800 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే భాగం) పెట్టాలి. నిజం చెప్పాలంటే 5 మిల్లీఆంపియర్లు కూడా ఎక్కువే. వెలుగు తగ్గేకొద్దీ గది నిజమైనదిగా మారుతుంది, రెసిస్టర్ విలువ పెంచడానికి వెనకాడకండి. రంగు పసుపు పాలు ఎక్కువగా ఉండే 2,700 కెల్విన్ ఎల్‌ఈడీ అయితే సాయంకాలపు గదికి చక్కగా అమరుతుంది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో నార్సిసా థోర్న్ 1932-1940 మధ్య నిపుణులతో చేయించిన గదులు 68 ఉన్నాయి. అవన్నీ 1:12లోనే ఉన్నాయి. వాటిలో నాకు ఎక్కువ నచ్చేది సామాను కాదు, వెలుతురు. బల్బు ఎక్కడుందో తెలియకుండా కిటికీల అవతల నుంచి, సగం తెరిచిన తలుపు వెనక ఉన్న మరో గది నుంచి వెలుగు లోపలికి వచ్చి పడుతుంది. గదికి పైకప్పు దీపం పెట్టే ముందు ఒక కిటికీ వెనక తెల్ల అట్ట నిలబెట్టి, దానిమీద వెలుగు పడేలా చేసి చూడండి. పరదా మడతల్లో నీడ పడేసరికి అంతవరకు చేసిన పనికి అర్థం కనిపిస్తుంది.

ఇదంతా విన్నాక, నిజమైన పదార్థాలతో చేయిస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ దారీ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ బొమ్మరిల్లు ఉంది. 1686-1710 ప్రాంతంలో ఆమె దాన్ని అసలు పదార్థాలతోనే చేయించింది, బుల్లి పింగాణీని చైనా నుంచి తెప్పించుకుంది. అది పిల్లల ఆటవస్తువు కాదు, శ్రీమంతురాలి అభిరుచి. అక్కడ పదార్థం అసలైనదే అయినా దాన్ని పలచన చేసిన చేతులు ఆ వృత్తిలోనే ఆరితేరినవి. అదే పనిని మనం ఇంట్లో చేసుకునేటప్పుడు అసలు పదార్థమా, నకిలీనా అన్న పట్టింపు నాకు లేదు. అంచు నమ్మించగలిగితే లోపల ఏముందో ఎవరికీ అక్కరలేదు.

మందం సరిపోయిన గది కూడా ఒక్కోసారి దుకాణంలా కనిపిస్తుంది, అన్నీ నిన్ననే కొన్నట్టు ఉండడం వల్ల. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ 1940లలో నేర పరిశోధకులకు శిక్షణ ఇవ్వడానికి 1:12 గదులు తయారుచేసింది. వాటిలో బొమ్మల మేజోళ్లను ఆమె గుండుసూదులతో అల్లింది. ఆ గదులు ఇల్లులా అనిపించేది సొగసు వల్ల కాదు, వాడకం వల్ల: మాసిన గోడ, అరిగిన నేల, చిందరవందరగా ఉన్న బల్ల. నేనూ కుర్చీ చేతుల మీద, సొరుగు పిడి చుట్టూ, తలుపు అంచున చెయ్యి పడేచోట రంగును సన్నగా గీకి, కొంచెం ముదురు గోధుమరంగు అద్ది తుడిచేస్తాను. అరుగుదల చేతులు, కాళ్లు తగిలేచోటే ఉండాలి. ఎక్కడపడితే అక్కడ గీకితే పాతదిగా కాదు, పాడైనదిగా ఉంటుంది. దుమ్ము మాత్రం నిజమైనది వద్దు. ఒక నూలు పోగు నేలమీద పడితే అక్కడ తాడు పడి ఉన్నట్టే. ముందువైపు గాజు లేదా ఆక్రిలిక్ తలుపు తప్పనిసరి.

ఇప్పటిదాకా చెప్పినదంతా చూడడానికి పెట్టుకునే ఇంటికి. పిల్లలు ఆడుకోవడానికి చేసే ఇంటికైతే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. పావు మిల్లీమీటరు కప్పు పెదవి చిన్న వేళ్ల మధ్య ఒక్క క్షణం నిలవదు, మూడు మిల్లీమీటర్ల కుర్చీ కాలు మొదటి ఆటలోనే పోతుంది. అలాంటి ఇంటికి నేను ప్లైవుడ్‌తోనే సామాను చేస్తాను, అంచులు గుండ్రంగా అరగదీస్తాను, మందం కనబడితే కనబడనిస్తాను; ఆడే పిల్లలకు కుర్చీ నిజమైనదిగా కనిపించడం కంటే బొమ్మ దానిమీద కూర్చోవడం ముఖ్యం. మూడేళ్ల లోపు పిల్లలు తిరిగే చోట 1:12 సామాను ఏదీ అందుబాటులో ఉంచకూడదు, పూసలు, గుండుసూదుల పిడులు అసలే వద్దు. దీపాలు పెట్టాలనుకుంటే నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీ ఉన్న అర స్క్రూతో బిగిసేలా ఉండాలి. ఆ బ్యాటరీ పొరపాటున మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. అలాంటి అర చేయడం రాకపోతే ఆ ఇంటికి దీపాలు పెట్టకుండానే ఇచ్చేయండి.